పలనాటి బ్రహ్మనాయుడు

పలనాటి సీమలో బ్రహ్మనాయుని పేరు వినని గడప లేదు. మాచర్లలో చెన్నకేశవుని కోవెల చూచినను, కారెంపూడిలో నాగులేటి యొడ్డున వీరుల గుడి చూచినను, పిడుగురాళ్ల చేరువనున్న గుత్తికొండ బిలము చూచినను ఆ పేరే మొదట తలపునకు వచ్చును. ఎనిమిదివందల యేండ్లు గడచినను జనుల నాలుకపై ఇంతగా నిలిచిన మంత్రి ఆంధ్రదేశమున అరుదు.

అతనిని గూర్చి రెండు మాటలు వాడుకలో నున్నవి. కులభేదము లేక అందరిని ఒక్కచోట కూర్చుండబెట్టి చాపకూడు పెట్టిన సంస్కర్త యని ఒక మాట. వైష్ణవపక్షము వహించి శైవపక్షముతో పోరి పలనాటిని రణభూమి గావించిన మతవీరుడని మరియొక మాట. ఈ రెండవ మాటను బట్టి పలనాటి యుద్ధమును మతయుద్ధమనియు, దేవునికొరకు చేసిన పవిత్రయుద్ధమనియు చెప్పుట కలదు. ఆ మాట ఎంతవరకు నిలుచునో తెలియవలెనన్న అతని జీవితమును మొదటినుండి తుదివరకు చూడవలసియున్నది.

ఆ జీవితమునకు ముఖ్యాధారము పలనాటి వీరచరిత్ర. శ్రీనాథ మహాకవి ద్విపదలో దానిని రచించెనని ప్రతీతి. ఆ ద్విపదను అక్కిరాజు ఉమాకాంతము పండితులు పరిష్కరించి 1911లో అచ్చువేయించిరి. అంతకు మించిన ఆధారము వీరవిద్యావంతుల పాట. వీరు మాల కులస్థులైన గాయకులు. తరతరములుగా ఈ కథను కంఠస్థముగా నిలుపుకొన్నవారు. వారు పాడిన పాఠమును జీన్ రోఘేర్ అను అమెరికా పండితుడు పలనాటికి వచ్చి సేకరించి, 1982లో ఆంగ్లమున గ్రంథముగా వెలువరించెను. వీరగాథ యగుటచే దీనిలో చరిత్రము, కల్పనము కలసియున్నవి. అయినను కథకు మూలమైన పోరు నిజముగా జరిగినదని చరిత్రకారుల అభిప్రాయము. అది సుమారు 1176 - 1182 నడుమ జరిగినదని సాధారణముగా చెప్పుదురు.

కాలస్థితి

పండ్రెండవ శతాబ్దము దక్షిణదేశమున మతావేశము మిక్కుటముగా నున్న కాలము. శ్రీరంగమున రామానుజాచార్యులు నెలకొల్పిన వైష్ణవ సంప్రదాయము తెలుగునాటికి వ్యాపించుచుండెను. కల్యాణ నగరమున బసవేశ్వరుడు నడపిన శివభక్తి యుద్యమము 1160 ప్రాంతమున ఉచ్చదశకు వచ్చెను. తెలుగునాట మల్లికార్జున పండితారాధ్యుడు శైవమును బోధించెను. వెలనాటి ప్రభువుల రాజధానియైన చందవోలులో ఆయన బౌద్ధాచార్యునితో వాదించెననియు, ఆ వాదము తుదకు రక్తపాతమునకు దారితీసెననియు పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున చెప్పెను. వాదములు మాటతో మొదలై కత్తితో ముగియుట ఆ కాలమున లేకపోలేదు. బ్రహ్మనాయుడు పెరిగిన గాలి ఇట్టిది.

పుట్టుక, మంత్రిపదవి

హైహయ వంశీయుడైన అనుగురాజు ఉత్తరదేశమునుండి పరివారముతో తెలుగునాటికి వచ్చెననియు, వెలనాటి ప్రభువు కూతురైన మైలమాదేవిని పెండ్లాడి పలనాటిని అరణముగా పొందెననియు కథ చెప్పుచున్నది. గురజాల అతనికి రాజధాని. అతనికి కుడిభుజమై నిలిచినవాడు రేచెర్ల దొడ్డనాయుడు. ఆ దొడ్డనాయుని కుమారుడే బ్రహ్మనాయుడు. తండ్రి యనంతరము అతడే మంత్రియై రాజ్యభారము వహించెను. అతని భార్య ఐతమ్మ, కుమారుడు బాలచంద్రుడు.

అనుగురాజునకు భార్యలు మువ్వురు. మైలమాదేవికి నలగామరాజు, వీరవిద్యాదేవికి పెదమలిదేవుడు, పినమలిదేవుడు, బాలమలిదేవుడు, భూరమాదేవికి కామరాజు, నరసింగరాజు మున్నగువారు కలిగిరి. తండ్రి గతించిన పిమ్మట నలగాముడు గద్దెనెక్కెను. సవతితల్లుల బిడ్డలు పెరిగి పెద్దవారైన కొలది భాగముల మాట పుట్టెను. పలనాటి కలహమునకు విత్తనము ఇక్కడనే పడినది. అది దేవాలయమున పడిన విత్తనము కాదు. అన్నదమ్ముల యింట పడిన విత్తనము.

చాపకూడు

బ్రహ్మనాయుడు చెన్నకేశవస్వామి భక్తుడు. మాచర్లలో చంద్రవంక యొడ్డున గల చెన్నకేశవాలయము అతడు కట్టించినదని జనశ్రుతి. అయితే ఆ కాలమున భక్తులకును, గుడులు కట్టించిన మంత్రులకును కొదువ లేదు. బ్రహ్మనాయుని భక్తి గుడిగోడల నడుమ నిలువక వంటశాలలోనికి, పంక్తిలోనికి నడచినది. అదియే అతని విశేషము.

చాపకూడన్న ఒక పెద్ద చాప పరచి, దానిమీద అన్నము రాశిగా పోసి, వచ్చినవారెల్ల దానిచుట్టు కూర్చుండి ఒక్కటిగా భుజించుట. బ్రాహ్మణుడు, వెలమ, కుమ్మరి, కమ్మరి, చాకలి, మంగలి, మాల అను భేదము ఆ చాపయొద్ద లేదు. ఒకరి యింట మంచినీరు ఇంకొకరు త్రాగని కాలమున, ఒకరి నీడ మరియొకరిపై పడిన మైలయను కాలమున, రాజ్యమేలు మంత్రి ఈ పని చేయుట సామాన్యము గాదు. పంచములని ఊరివెలుపల ఉంచబడినవారికి అతడు చెన్నకేశవుని సన్నిధిలో చోటు కల్పించెనని చెప్పుదురు. మాల కులస్థుడైన కన్నమదాసును కుమారునిగా చేపట్టి సేనానిని జేసెను. ఆ కన్నమదాసు మాట తప్పని బంటుగా, యుద్ధమున వెనుదిరుగని వీరుడుగా వీరచరిత్రలో వెలసెను.

చాపకూడు రాజనీతి కూడ అని గ్రహింపవలెను. ఒక్క చాపపై తిన్నవారు ఒక్క జెండాక్రింద నిలుతురు. కులములవారీగా చీలిన ఊళ్లనుండి విడివడని సేనను కూర్చుటకు ఇంతకు మించిన యుపాయము లేదు. అంత మాత్రముచే అతని ధర్మబుద్ధికి లోటు రాదు. ఆచారమునకు వెరచువారి కోపమును, శత్రువుల ఎత్తిపొడుపులను సహించియే అతడు ఈ మార్గమున నడచెను.

ఇక్కడ ఒక విషయము గమనింపదగినది. కల్యాణమున శివభక్తుడైన బసవేశ్వరుడు చేసినదియు, పలనాట విష్ణుభక్తుడైన బ్రహ్మనాయుడు చేసినదియు చాలవరకు ఒక్కటియే. ఇద్దరును కులపు గోడలను కదలించిరి. దేవుని పేరు వేరైనను వారు తలపెట్టిన పని వేరు గాదు. శైవము, వైష్ణవము అను పేర్లను చూచి ఆ రెండు పక్షములు ఆజన్మశత్రువులని తలచువారు దీనిని మరువరాదు.

నాయకురాలు నాగమ్మ

బ్రహ్మనాయునికి దీటుగా నిలిచిన ప్రతిపక్షి నాయకురాలు నాగమ్మ. ఆమె రెడ్డి కులమున పుట్టి, చిన్ననాటనే భర్తను గోల్పోయి, జిట్టగామాలపాటియందు స్థిరపడి, తన తెలివిచే రాజును మెప్పించి మంత్రిణి యయ్యెను. ఆమె శివభక్తురాలు. పలనాటి కథ బ్రహ్మనాయుని పక్షమున పాడబడిన దగుటచే ఆమెను కుటిలురాలినిగా చిత్రించుట జరిగెను. పక్షపాతము లేక చూచినచో, విధవయైన యొక రైతుబిడ్డ రాజసభలో మంత్రిపీఠమెక్కి, సేనల నడపి, యుద్ధరంగమున నిలుచుట చాపకూటికి తీసిపోని వింత. ఆమె చేసిన తప్పులు ఉన్నవి. ఆమె ప్రతిభయు ఉన్నది. నలగాముని రాజ్యము చీలిపోకుండ కాపాడుట తన విధియని ఆమె తలచెను. మలిదేవాదుల న్యాయమైన భాగము నిప్పించుట తన విధియని బ్రహ్మనాయుడు తలచెను. ఇద్దరును తమ తమ ప్రభువులకు విశ్వాసపాత్రులే.

నాగమ్మ మాట సభలో చెల్లుబాటగుచున్న కొలది బ్రహ్మనాయునికి గురజాలలో నిలువ కష్టమయ్యెను. తుదకు రాజ్యము పంచబడెను. గురజాల నలగామునికి, మాచర్ల మలిదేవునికి వచ్చినవి. బ్రహ్మనాయుడు మలిదేవుని వెంట మాచర్లకు తరలెను. రెండు కొలువులు, ఇద్దరు మంత్రులు, నడుమ కొలది కోసుల నేల. ఊరూర తగవులు, మాటామాటా పట్టింపులు పెరిగెను.

కోడిపోరు, వనవాసము

ఆ పట్టింపులు కోడిపందెము రూపమున బయటపడెను. ఓడినవారు రాజ్యము విడిచి ఏడేండ్లు వలసపోవలెనని ఒడంబడిక. నాగమ్మ పక్షపు కోడి శివంగిడేగ, బ్రహ్మనాయుని కోడి చిట్టిమల్లు అని కథలో పేర్లు. పందెమున మాచర్లవారు ఓడిరి. అందు మోసము జరిగెనని వారి పక్షపు కథ. మోసమని తలచినను బ్రహ్మనాయుడు మాట తప్పలేదు. మలిదేవాదులను, పరివారమును, ఆవులమందలను వెంటగొని రాజ్యము విడిచెను. మందాడి యొద్ద విడిసియున్న కాలమున చెంచులు మందలపై బడిరి. అది నాగమ్మ పురికొల్పుటచే జరిగినదని కథ. ఆ పోరున లంకన్న అను గోపాలకుడు ప్రాణములు విడిచెను. పిదప వారు మేడపికి చేరి వనవాసకాలము గడపిరి.

చదువరులకు ఈ కథ భారతమును తలపించుట సహజము. జూదమునకు బదులు కోడిపందెము, అరణ్యవాసము, గడువు తీరిన పిదప రాయబారము, పసివయసు వీరుని మరణము అన్నియు ఇందున్నవి. దీనిని ఆంధ్రుల భారతమని పెద్దలు పలుకుట అందుచేతనే. భారతమునందువలెనే ఇచటను తగవు ఎవరి దేవుడు గొప్ప అని కాదు. ఎవరి భాగము ఎవరికి రావలెనని.

గడువు తీరెను. మాచర్లను తిరిగి యిమ్మని కోరుటకు అలరాజును రాయబారిగా పంపిరి. అలరాజు నలగామునికి స్వయముగా అల్లుడు. మామయింటికి పోవు అల్లునికి ఆపద రాదని తలచియుందురు. కాని రాయబారము చెడెను; మరలివచ్చుచు చర్లగుడిపాడున అలరాజు విషప్రయోగముచే మరణించెను. అతని భార్య పేరిదేవి భర్తతో సహగమనము చేసెను. నలగామునికి ఒక్కనాడే అల్లుడును కూతురును దక్కకపోయిరి. రాయబారిని చంపరాదను ధర్మము తెగినది. ఇక మిగిలినది యుద్ధమే.

కారెంపూడి రణము

నాగులేటి యొడ్డున కారెంపూడి మైదానమున ఇరుసేనలు మోహరించెను. నలగామునికి ఇరుగుపొరుగు ప్రభువులు తోడుపడిరి. బ్రహ్మనాయుని వెంట అరువదియారుగురు వీరనాయకులు నిలిచిరని ప్రసిద్ధి. రణరంగము చేరిన పిదప కూడ సంధి మాటలు నడచెను. పెద్దలు ఒక మెట్టు దిగుటకు సుముఖులైరి. బ్రహ్మనాయుడు యుద్ధమును కోరి తెచ్చుకొన్నవాడు కాడనుటకు ఇదియే నిదర్శనము.

బాలచంద్రుడు అప్పటికి యుద్ధమునకు దూరముగా ఇంటనుంచబడెను. ఒకనాడు బొంగరములాడుచుండగా బొంగరము తగిలిన వైశ్యస్త్రీ అతనిని నిందించి, తండ్రులు రణమున నుండగా ఇచట ఆటలేమని ఎత్తిపొడిచెను. ఆ మాట అతని గుండెలో నాటెను. తల్లి ఐతమ్మ సెలవుగొని, భార్య మాంచాలను కలిసి, ఆమె చేతినుండి కత్తి నందుకొని కారెంపూడికి బయలుదేరెను. వెంట వచ్చిన తోడివారు బ్రాహ్మణ, వెలమ, కుమ్మరి, కమ్మరి, చాకలి, మంగలి కులములలో పుట్టి, సోదరులుగా పెరిగినవారు. బ్రాహ్మణుడైన అనపోతురాజును యుద్ధమున చావనీయరాదని బాలచంద్రుడు ఉపాయముగా వెనుకకు పంపగా, అతడు విషయము గ్రహించి తన్ను తానే బలిచేసికొనెను. చాపకూడు వారి స్నేహమును ఇంత గట్టిగా ముడివేసెను.

బాలచంద్రుడు సంధికి ఒప్పలేదు. అలరాజు చావును జ్ఞప్తికి తెచ్చి పెద్దల మాట కాదనెను. పోరు మొదలయ్యెను. అతడు నరసింగరాజును చంపి, తానును నేలకొరగెను. ఒకరి వెంట ఒకరు వీరులు రాలిరి. మలిదేవుడును మరణించెను. ఎవరికి రాజ్యమిప్పింపవలెనని యుద్ధము చేసిరో వారే లేకపోయిరి.

ఇదే కాలమున పడమటి దేశములలో

పలనాట ఈ పోరు జరుగుచున్న రోజులలోనే, వేల కోసుల దూరమున యెరూషలేము చుట్టు క్రైస్తవులు, ముసల్మానులు దేవుని పేర పోరుచుండిరి. పవిత్రయుద్ధమను భావము ఎట్లు పుట్టినదో తెలిసికొనుటకు ఆ కథను ఇక్కడ కొంత చెప్పుట యుక్తము.

క్రీస్తుమతము మొదట కత్తికి దూరముగా నున్న మతము. తొలినాటి క్రైస్తవులలో అనేకులు హింసకు గురియైనవారే గాని హింస చేసినవారు కారు. 312లో రోము చక్రవర్తి పదవికై పోరిన కాన్‌స్టంటైను తన గెలుపు క్రీస్తు అనుగ్రహమని నమ్మిన పిదప ఆ మతమునకు రాజ్యముతో పొత్తు కలిగెను. రాజ్యమున్నచోట యుద్ధము తప్పదు. అప్పుడు ఉత్తరాఫ్రికాలో బిషప్పుగా నున్న అగస్టీను (354 - 430) యుద్ధమునకు నియమములు విచారించెను. తగిన అధికారి ఆజ్ఞ ఉండవలెను. కారణము న్యాయమైనదై యుండవలెను. ఉద్దేశము ద్వేషము గాక శాంతి కావలెను. ఇది యుద్ధమును అదుపులో పెట్టుటకు పుట్టిన మాట. కాని కాలక్రమమున అదుపు సడలెను. తురుష్కుల యొత్తిడి తాళలేక కాన్‌స్టాంటినోపులు చక్రవర్తి సహాయము కోరగా, 1095 నవంబరులో ఫ్రాన్సుదేశపు క్లెర్మాంటు నగరమున రెండవ అర్బను పోపు యుద్ధయాత్రకు పిలుపునిచ్చెను. ఆ యాత్ర పాపములకు ప్రాయశ్చిత్తమగునని చెప్పబడెను. అంతకుముందు యుద్ధమున నరుని చంపినవాడే ప్రాయశ్చిత్తము చేసికొనవలసియుండెను; ఇప్పుడు యుద్ధమే ప్రాయశ్చిత్తమయ్యెను. 1099 జూలైలో యెరూషలేము చిక్కినప్పుడు ఆ నగరమున ఘోరమైన జనసంహారము జరిగెను.

ఇస్లాములో జిహాదు అను పదమునకు మూలార్థము ప్రయత్నము, పాటుపడుట. తన మనసులోని చెడుగుతో పోరుటయు ఆ పదములో ఇమిడియున్నది. ప్రవక్త మహమ్మదు మక్కాలో బోధించిన పదమూడేండ్లు ఆయన అనుచరులు బాధలు పడిరి గాని ఆయుధము పట్టలేదు. 622లో మదీనాకు తరలిన పిమ్మట, ఇండ్లనుండి వెడలగొట్టబడిన వారికి పోరుటకు అనుమతి కలిగెను. 624లో బద్రు యుద్ధము జరిగెను. తరువాతి కాలమున సామ్రాజ్యము పెరిగినప్పుడు ధర్మశాస్త్రవేత్తలు యుద్ధనియమములను గ్రంథస్థము చేసిరి. వారిలో 805లో మరణించిన షైబానీ ప్రముఖుడు. స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపరాదనునది ఆ నియమములలో ఒకటి. యెరూషలేము పోయిన పిదప 1105లో దమస్కు నగరమున సులమీ అను పండితుడు జిహాదును గూర్చి బోధించినప్పుడు పాలకులు అంతగా చెవియొగ్గలేదు. తమలో తాము కలహించుకొనుటయే వారికి సరిపోయెను. తరువాత నూరుద్దీను, సలాహుద్దీను అను ప్రభువులు ఆ బోధను చేపట్టి చీలిన రాజ్యములను ఒక్కటి చేసిరి. 1187 అక్టోబరులో సలాహుద్దీను యెరూషలేమును తిరిగి పొందెను. అతడు సామూహిక వధ చేయింపలేదు. విడుదల ధనము చెల్లించినవారిని పోనిచ్చెను. చెల్లింపలేని వారిలో అనేకులు బానిసలైరి.

ఈ రెండు చరిత్రములలోను ఒక పోలిక కనబడుచున్నది. మొదట పుట్టినది యుద్ధమునకు అనుమతి. దాని వెంటనే హద్దులు. తరువాత రాజ్యపు అవసరములు వచ్చి ఆ అనుమతిని పెద్దది చేసి, హద్దులను చిన్నవి చేసినవి. చచ్చినవానికి స్వర్గమను హామీయు తోడైనది. మతము ఒంటరిగా యుద్ధమును పుట్టించుట కంటె, పుట్టిన యుద్ధమునకు ధైర్యమును, పవిత్రతను అద్దుట ఎక్కువ.

పలనాటి పోరు పవిత్రయుద్ధమా?

ఈ కొలతతో పలనాటి యుద్ధమును కొలిచిచూడవచ్చును. బ్రహ్మనాయుడు వైష్ణవుడు, నాగమ్మ శైవురాలు అనుట నిజము. రెండు పక్షముల భక్తియు వారి వారి సేనలకు ఉత్సాహమిచ్చెననుటయు నిజమే కావచ్చును. కాని పోరునకు దారితీసిన కారణములు వరుసగా చెప్పిచూచినచో దాయభాగము, కోడిపందెము, వనవాసము, మాచర్లను మరల ఈయకపోవుట, రాయబారి హత్య - ఇవియే. ఒకరి దేవుని విడిచి మరియొకరి దేవుని కొలువుమని ఎవరును ఎవరిని నిర్బంధింపలేదు. గెలిచిన పక్షము ఓడినవారి గుడులను పడగొట్టెనను మాటయు కథలో ముఖ్యము గాదు. కనుక ఇది దేవునికొరకు పుట్టిన యుద్ధము కాదు; దాయాదుల యుద్ధము.

ఇంతకు మించిన సాక్ష్యము యుద్ధానంతరము బ్రహ్మనాయుడు చేసిన పని. మలిదేవాదులు పోయిరి. కన్నకొడుకు పోయెను. చాపపై తోడుగా కూర్చున్నవారు రాలిరి. ఎదుట నలగాముడు చిక్కియుండెను, నాగమ్మయు చిక్కెను. మతావేశముతో యుద్ధము చేసినవాడైనచో ఆ క్షణమున శత్రుశేషము లేకుండ చేసియుండును. బ్రహ్మనాయుడు అట్లు చేయలేదు. నాగమ్మను క్షమించి విడిచెను. నలగామునే తిరిగి గద్దెపై కూర్చుండబెట్టెను. తరువాత తాను గుత్తికొండ బిలములో ప్రవేశించి తపస్సులో లీనమయ్యెనని జనుల నమ్మకము. తానే పట్టము కట్టుకొనుటకు అడ్డుచెప్పువారు లేని సమయమున అతడు పదవిని, పగను రెండింటిని ఒక్కమారే విడిచెను.

అట్లని అతనిపై దోషమే లేదనరాదు. కోడిపందెమునకు రాజ్యమునొడ్డుట మంత్రికి తగిన పని గాదు. కొడుకు ఆవేశము ఎదుట పెద్దల వివేకము ఓడిపోవుటను అతడు ఆపలేకపోయెను. పలనాటి వీరుల త్యాగమును పొగడుట సులభము. ఆ త్యాగము తప్పించుటకు వీలుండెనని తలచుట కష్టము. నిజమైన గౌరవము రెండవదానియందే యున్నది.

యుద్ధఫలము మరియొకరికి దక్కెను. ఈ పోరువలన పలనాటి హైహయులు, వారికి అండయైన వెలనాటి ప్రభువులు బలహీనులైరి. ఓరుగల్లునేలు కాకతి రుద్రదేవునికి కృష్ణాతీరపు మార్గము తెరచినట్లయ్యెను. 1185 నాటికి త్రిపురాంతకమున అతని శాసనము వెలసెను. అన్నదమ్ములు కలహించుకొన్న నేల అచిరకాలముననే ఇతరుల యేలుబడిలోనికి పోయెను.

పవిత్రమైనది ఏది?

పలనాటి యుద్ధమునకు పవిత్రత లేదా? ఉన్నది, కాని అది యుద్ధము ముగిసిన పిదప వచ్చినది. కారెంపూడిలో వీరుల గుడి వెలసెను. ఏటేట కార్తీక అమావాస్యనాడు మొదలై అయిదు దినములు వీరుల ఉత్సవము జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ దినములకు పేర్లు. వీరుల ఆయుధములైన కొణతములను దూరదూరపు ఊళ్లనుండి తెచ్చి నాగులేట స్నానము చేయించి పూజింతురు. ఆ గుడిలో వీరులకు గుర్తుగా నున్నవి లింగాకృతులైన శిలలు. వైష్ణవుడైన బ్రహ్మనాయుని వీరులు లింగరూపమున పూజలందుకొనుచున్నారు! శైవ వైష్ణవ భేదమును ప్రాణప్రదముగా ఎంచి చచ్చిన వీరులే అయినచో జనులు వారికి ఈ రూపమిచ్చియుండరు. చచ్చినవారు ఏ పక్షమువారని జనులు అడుగలేదు. మాటకొరకు, నేస్తముకొరకు చచ్చిరని మాత్రమే తలచిరి.

ఆ ఉత్సవమున చాపకూడు నేటికిని పెట్టబడుచున్నది. యుద్ధమును తలచుకొనుటకు కూడిన జనులు కలసి అన్నము తినుట గొప్ప అర్థము గల ఆచారము. కత్తులు గుడిలో చేరినవి. అన్నము జనులలో నిలిచినది.

పలనాడు 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట ముఖ్యపట్టణముగా ప్రత్యేక జిల్లా యయ్యెను. సీమ పేరు మరల అధికారపత్రములకెక్కినది. ఆ పేరుతోపాటు పౌరుషమను మాట కూడ తరచుగా వినవచ్చును. పౌరుషమనగా పంతము కాదనియు, ఒక కోడిపందెమునకు, ఒక ఎత్తిపొడుపు మాటకు ఊళ్లు చీలిపోవుట వీరత్వము కాదనియు బ్రహ్మనాయుని జీవితము నేర్పుచున్నది. దేవుని పేర కత్తి పట్టినవారు తూర్పునను పడమటను ఎందరో కలరు. దేవుని పేర చాప పరచి, అందరిని దానిచుట్టు కూర్చుండుమని పిలిచినవారు కొలదిమంది. గ్రంథాలయపు చాపయు అట్టిదే. దానిపై కూర్చుండి చదువుకొనువారికి కులము లేదు, పక్షము లేదు. పలనాటి పిల్లలు బాలచంద్రుని కత్తిని గూర్చి చదువునప్పుడు అతని తండ్రి పరచిన చాపను గూర్చియు చదువవలెను.